ఆఫీసు చిరాకు వ్యాయామాన్ని మింగేయకుండా ఏం చేయాలి?

ఉదయం అలారం పెట్టుకున్నప్పుడు ఉన్న పట్టుదల సాయంత్రం ఆరున్నరకు ఉండదు. తలుపు తీసి, బ్యాగు పక్కన పడేసి, బూట్లయినా విప్పకుండా సోఫాలో కూలబడి ఫోను చేతిలోకి తీసుకున్నామా, ఆ రోజు వ్యాయామం అక్కడితో సరి. చాలామంది దీన్ని బద్ధకం అనుకుని తమను తామే తిట్టుకుంటారు. ఆ తిట్టులో న్యాయం లేదు. మధ్యాహ్నం మీటింగులో మింగేసిన మాట, మూడోసారి తిరిగొచ్చిన రిపోర్టు, "ఇది ఇవాళే కావాలి" అంటూ ఐదింటికి వచ్చిన మెయిల్, ఇవన్నీ మనతోపాటే ఇంటికి వస్తాయి. వ్యాయామం చేద్దామన్న ఓపికను లాగేసేవి అవే. కాబట్టి వ్యాయామానికి ప్లాను వేసుకునేటప్పుడే ఆఫీసు చిరాకును ఎక్కడ దించుకోవాలో కూడా అందులో రాసుకోవాలి. రెండింటినీ విడివిడిగా పట్టుకుంటే ఏదో ఒకటి జారిపోతుంది.

అలిసింది ఒళ్లా, బుర్రా?

ముందు ఇది తేల్చుకోవాలి. 2009లో వ్యాయామ శాస్త్ర పరిశోధకుడు శామ్యూల్ మార్కోరా బృందం 16 మంది మీద ఒక ప్రయోగం చేసింది. ఒక రోజు 90 నిమిషాల పాటు ఏకాగ్రత పిండేసే కంప్యూటర్ పని ఇచ్చి, ఆ వెంటనే సైకిల్ తొక్కించారు. మరో రోజు అంతే సేపు డాక్యుమెంటరీలు చూపించి తొక్కించారు. బుర్ర అలిసిన రోజున వాళ్లు సుమారు 15 శాతం ముందే ఆపేశారు. గుండె వేగం, ఆక్సిజన్ వాడకం లాంటివేవీ అందుకు కారణంగా కనిపించలేదు. పెరిగింది ఒక్కటే, 'అబ్బా, కష్టంగా ఉంది' అన్న భావన. కుర్చీలో కూర్చుని పనిచేసే వాళ్ల సాయంత్రపు అలసట ఎక్కువగా ఈ రకందే. కాళ్లలో శక్తి ఉంటుంది, దాన్ని వాడటమే భారంగా తోస్తుంది.

తేడా ఇలా పట్టుకోవచ్చు. మెట్లెక్కుతుంటే తొడలు నొప్పెడుతున్నా, కీళ్లు వాచినా, జ్వరంగా ఉన్నా, వరసగా రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోయినా అది ఒంటి అలసట. ఆ రోజు విశ్రాంతి తీసుకోండి. అలా కాకుండా కళ్లు మంటలు, మెడ పట్టేయడం, ఎవరు పలకరించినా విసుగు, ఫోను మాత్రం గంటసేపైనా చూడగలగడం, ఇలా ఉంటే అలిసింది బుర్ర. అప్పుడు 10 నిమిషాలు నెమ్మదిగా నడిచి చూడండి. పదో నిమిషానికి కూడా మొదట్లో ఉన్నంత బరువుగానే ఉంటే నిస్సంకోచంగా ఆపేయండి. చాలాసార్లు నాలుగైదు నిమిషాలకే ఒళ్లు తేలికపడుతుంది.

అసలు కష్టమంతా ఆ మొదటి నాలుగైదు నిమిషాలదే. వ్యాయామం తమకు ఎంత హాయినిస్తుందో జనం ముందుగా తక్కువ అంచనా వేస్తారని 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో తేలింది. కారణం, ఆలోచన అంతా ఆరంభపు ఇబ్బంది దగ్గరే ఆగిపోవడం. 'చేయాలనిపించడం లేదు' అన్నప్పుడు మీ మనసు చెబుతున్నది మొత్తం అరగంట గురించి కాదు, ఆ ఆరంభం గురించే. అందుకే ఆరంభాన్ని ఎంత మెత్తగా చేసుకుంటే అంత మంచిది.

కూర్చోకముందే మొదలుపెట్టాలి

ఇంటికొచ్చి ఓసారి కూర్చున్నాక లేవడానికి కొత్తగా నిర్ణయం తీసుకోవాలి. రోజంతా నిర్ణయాలు తీసుకుని వచ్చిన మనిషికి ఆ ఒక్కటీ కొండంత అవుతుంది. కాబట్టి వ్యాయామాన్ని ఆ కూర్చోవడానికి ముందే పెట్టండి. వీలైతే ఆఫీసులోనే బట్టలు, బూట్లు మార్చుకుని బయటపడండి. వీలు కాకపోతే ఇంటి గుమ్మం దగ్గరే, లోపలికి రాగానే కనిపించేలా, బూట్లు, మేజోళ్లు, టీషర్టు ఒకే చోట పెట్టండి. మేజోళ్లు బూట్లలోనే దూర్చి ఉంచండి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, మేజోళ్ల కోసం లోపలి గదిలోకి వెళ్లి మంచం అంచున కూర్చోవడంతోనే ఎన్నో సాయంత్రాలు ముగిసిపోతాయి.

ఉదయం చేసేవాళ్లకు ఈ గొడవ తక్కువ. ఆఫీసు ఇంకా మొదలుకాలేదు కాబట్టి చిరాకు మోసుకొచ్చేది లేదు. కానీ నిద్రను గంట కోసి ఉదయాన్ని సంపాదించుకుంటే అది నిలవదు. రాత్రి పడుకునే వేళను ముందుకు జరిపాకే అలారాన్ని జరపాలి, అదీ వారానికి 15 నిమిషాల చొప్పున.

'రోజూ వ్యాయామం చేస్తాను' అని రాసుకోవడం దండగ. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1990లలో ముందుకు తెచ్చిన పద్ధతి మెరుగు: 'ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను' అని ఒకే వాక్యంలో కట్టేయడం. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి ఇలాంటి 94 పరీక్షలను క్రోడీకరిస్తే, లక్ష్యాలు నెరవేరడంలో దీని ప్రభావం గణనీయంగానే ఉందని తేలింది. అందులో కిటుకు ఏమిటంటే, ఆ సందర్భం ఎదురుకాగానే పని గుర్తుకొస్తుంది, అప్పటికప్పుడు ఆలోచించుకునే పని ఉండదు.

మీ వాక్యాలు ఇంత నిర్దిష్టంగా ఉండాలి:

'ఆఫీసు గేటు దాటగానే, ఇంటి దారి పట్టకముందే 20 నిమిషాలు నడుస్తాను.'
'మీటింగు ఆరున్నర దాటితే, ఇంటి తలుపు వేయగానే కూర్చోకుండా 8 నిమిషాల సెట్టు చేస్తాను.'
'వాన పడితే, మెట్ల మీద 10 నిమిషాలు ఎక్కి దిగుతాను.'

రెండో వాక్యం, మూడో వాక్యం మొదటిదానికంటే ముఖ్యం. ప్లాను తప్పే రోజుకు కూడా ప్లాను ఉండాలి. చాలామంది మంచి రోజుకే టైంటేబుల్ రాసుకుంటారు, అలాంటి రోజు వారానికి రెండుసార్లే వస్తుంది. ఒక హెచ్చరిక కూడా: ఇలాంటి వాక్యాలు మూడుకు మించి రాయకండి. పది రాసుకుంటే ఏదీ గుర్తుండదు.

మూడు సైజులు

వ్యాయామాన్ని మూడు సైజుల్లో సిద్ధంగా పెట్టుకోండి. పెద్దది 35 నుంచి 40 నిమిషాలు, మధ్యది 20, చిన్నది 8. ఏ రోజు ఏది అన్నది ఆ రోజు ఓపికను బట్టి ఎంచుకోవచ్చు. వ్యాయామానికి పెట్టుకున్న రోజుల్లో సున్నా మాత్రం ఆ జాబితాలో ఉండదు, పైన చెప్పిన ఒంటి అలసట ఉంటే తప్ప. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మార్గదర్శకాలను సవరించినప్పుడు, కనీసం 10 నిమిషాలు ఏకబిగిన చేస్తేనే లెక్క అన్న పాత షరతును తీసేసింది. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థ శ్రమ, రెండు రోజులు కండరాలకు పని, అని చెబుతూనే ఎంత కొంచెమైనా మేలేనని చెప్పింది. 8 నిమిషాలను చిన్నచూపు చూడనక్కర్లేదు.

ఆ 8 నిమిషాల సెట్టు ఇది. మొదటి నిమిషం నిల్చున్నచోటే నడక. తర్వాత కుర్చీ స్క్వాట్లు 10, గోడకు చేతులు ఆనించి పుషప్‌లు 10, ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని పలకలా నిలపడం) 20 సెకన్లు, అర నిమిషం విరామం. ఇదంతా కలిపి ఒక రౌండు, సుమారు 2 నిమిషాలు. మూడు రౌండ్లు చేసి, చివరి నిమిషం మళ్లీ నెమ్మదిగా నడక.

స్క్వాట్ దగ్గరే ఎక్కువ మంది పొరపాటు చేస్తారు కాబట్టి దాన్ని విడమరిచి చెప్పుకుందాం. చక్రాలు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి పెట్టండి. దానికి వీపు చేసి నిలబడండి. పాదాలు భుజాలంత వెడల్పులో, వేళ్లు కాస్త బయటికి తిరిగి ఉండాలి. చేతులు ముందుకు చాచి, నడుమును వెనక్కి నెడుతూ మూడు అంకెలు లెక్కపెట్టేంత సేపు కిందికి దిగండి. పిరుదులు కుర్చీని తాకీతాకనట్టు తాకాలి, బరువు దాని మీద పడకూడదు. తాకగానే మడమలతో నేలను తొక్కుతూ పైకి లేవండి. లేచేటప్పుడు ఊపిరి వదలాలి. మోకాళ్లు లోపలికి ఒరిగిపోతుంటే వాటిని కాలి చిటికెన వేలి వైపు నెట్టండి. మడమలు లేస్తుంటే పాదాలను ఇంకాస్త ఎడంగా పెట్టండి, లేదా కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి. దిగేది మానేసి ధబ్బున కూర్చుంటుంటే ఆ రౌండుకు ఓపిక అయిపోయిందని అర్థం, అంకె 10కి చేరకపోయినా ఆపేయండి. మోకాలి లోపల పొడిచినట్టు నొప్పి వస్తే కూడా అంతే. తొడ మండటం మాత్రం మామూలే.

నడక ఎంత వేగంగా అంటే, మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే మధ్యస్థ శ్రమకు కొలత. రెండు మూడు మాటలకే ఊపిరి అందకపోతే వేగం తగ్గించండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లను దెబ్బతీసేది ఇక్కడే. సోమవారం ఉత్సాహంలో 5 కిలోమీటర్లు పరుగెత్తి, మంగళవారం మెట్లు దిగలేక, బుధవారం మానేస్తారు. శ్రమ ఒక హద్దు దాటాక దాదాపు ఎవరికైనా అది చేదు అనుభవమే, ఆ చేదు జ్ఞాపకం రేపటి మూడ్‌ను కూడా పాడుచేస్తుంది. మొదటి వారం 10 నిమిషాల నడక నాలుగు రోజులు, అంతే. ఇంకా చేయాలనిపించినా ఆపేయండి. రెండో వారం 15 నిమిషాలు, దానితోపాటు రెండు రోజులు చిన్న సెట్టు. మూడో వారం 20, నాలుగో వారం 25. ఆ తర్వాత వారంలో ఒక రోజు, రోజుకు ఐదు నిమిషాలు పెంచితే వారానికి 150 నిమిషాలు చేరుకోవచ్చు.

కోపంతో పరుగెత్తితే కోపం పోదు

'ఒళ్లు మండిపోతోంది, నాలుగు రౌండ్లు పరుగెత్తితే అదే దిగిపోతుంది' అన్న మాట అందరూ అంటారు. ఇది చాలావరకు తప్పు. 2024లో సోఫీ షార్విక్, బ్రాడ్ బుష్‌మన్ అనే పరిశోధకులు 154 అధ్యయనాలను కలిపి చూశారు. ఊపిరి సాధన, ధ్యానం లాంటి ఒంటి ఉద్రేకాన్ని తగ్గించే పనులు కోపాన్ని తగ్గించాయి. ఉద్రేకాన్ని పెంచేవి మొత్తం మీద తగ్గించలేదు. జాగింగ్ అయితే కోపాన్ని పెంచే వైపే మొగ్గింది. బంతి ఆటలు మాత్రం తగ్గించాయి.

ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఒంటరిగా పరుగెత్తేటప్పుడు కాళ్లకు పని ఉంటుంది, బుర్రకు ఉండదు. అది ఖాళీగా ఉండి ఆ మీటింగునే మళ్లీ మళ్లీ నడిపిస్తుంది. 'అప్పుడు ఇలా అనుండాల్సింది' అనుకుంటూ ప్రతి అడుగుకూ ఒక జవాబు. అసలే గుండె దడదడలాడుతుంటే ఉక్రోషం ఇంకా నిజమనిపిస్తుంది. వ్యాయామం గుండెకు, నిద్రకు, దీర్ఘకాలంలో మనసుకు మంచిదే, అందులో సందేహం లేదు. ఇప్పటికిప్పుడు రగులుతున్న కోపాన్ని ఆర్పే నీళ్లు మాత్రం అది కాదు.

కాబట్టి వరస మార్చండి, ముందు చల్లారడం, తర్వాత కదలడం. బూట్లు వేసుకునే ముందు నిలబడే 5 నిమిషాలు ఊపిరి తీయండి. ముక్కుతో నిండుగా పీల్చి, పైన ఇంకో చిన్న గుటక పీల్చి, నోటితో వీలైనంత పొడవుగా, చప్పుడు లేకుండా వదలాలి. స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 2023లో ప్రచురించిన ప్రయోగంలో రోజుకు 5 నిమిషాల చొప్పున నెల రోజులు చేసిన పద్ధతుల్లో మూడ్‌ను ఎక్కువగా మెరుగుపరిచింది ఇదే. తల తిరిగినట్టు ఉంటే మీరు మరీ గబగబా చేస్తున్నారన్నమాట, వదిలే సమయాన్ని పెంచండి.

ఆ తర్వాత కూడా మంట ఉంటే ఆ రోజు పరుగు వద్దు. దృష్టి పెట్టక తప్పని పని ఎంచుకోండి: షటిల్, గోడకేసి బంతి కొట్టి పట్టుకోవడం, ఒంటికాలి మీద నిలబడే భంగిమలు, తాడాట. నడకే దిక్కయితే అడుగులు వందేసి లెక్కపెట్టండి. లెక్క తప్పితే మళ్లీ ఒకటి నుంచి. సాధించాల్సిన అంకె ఏమీ లేదు, బుర్ర ఆ మీటింగు గదిలోకి తిరిగి వెళ్లకుండా పట్టి ఉంచడానికే ఈ లెక్క.

చిరాకును పుట్టినచోటే తగ్గించుకోవడం

సాయంత్రం దించుకోవాల్సిన బరువు తగ్గాలంటే పగలే కొంత పని జరగాలి. ఆఫీసు చిరాకుల్లో ఎక్కువ భాగం నాలుగైదు రకాలే, అవే మళ్లీ మళ్లీ వస్తాయి. వాటికి మాటలు ముందే సిద్ధం చేసుకుంటే అప్పటికప్పుడు మింగేయాల్సినవి తగ్గుతాయి.

పని మీద పని పడుతుంటే మేనేజరుతో 'నా వల్ల కాదు' అనే బదులు ఎంపిక వాళ్ల చేతిలో పెట్టండి: "ఈ రెండూ ఇవాళే అంటే ఒకటి సగంలో ఆగిపోతుందండీ. ముందు ఏది పూర్తి చేయమంటారు?" పని మధ్యలో వచ్చి మాట కలిపే సహోద్యోగితో: "ఇప్పుడు లెక్కల మధ్యలో ఉన్నాను, మూడింటికి నేనే మీ దగ్గరికొస్తాను." అన్నాక మూడింటికి నిజంగా వెళ్లాలి. వెళ్లకపోతే రెండోసారి ఆ మాటకు విలువ ఉండదు. మీ పనిని ఇంకొకరు తమదిగా చెప్పుకుంటే ఆ గదిలోనే, గొంతు పెంచకుండా: "ఆ పట్టిక నేను చేసిందేనండీ, అందులో రెండో భాగం గురించి ఏమైనా సందేహాలుంటే చెబుతాను." వారం తర్వాత ఎత్తితే ఇదే విషయం గొడవలా కనిపిస్తుంది.

ఇక మెయిల్. కోపంలో టైపు చేస్తున్నప్పుడు గమనించండి, పళ్లు బిగుసుకుని ఉంటాయి, వేళ్లు కీబోర్డును అవసరానికి మించి గట్టిగా కొడుతుంటాయి. ఆ గుర్తు కనిపించగానే చిరునామా గడిని ఖాళీ చేయండి, లేదా నోట్‌ప్యాడులోకి మారండి. రాయడం ఆపక్కర్లేదు, పంపడం మాత్రం ఆపండి. 20 నిమిషాలు వేరే పని చేసి వచ్చి చదవండి. 'ఎప్పుడూ', 'మళ్లీ', 'నేను ముందే చెప్పినట్టు' అన్న మూడింటినీ కొట్టేయండి. ఏం జరిగింది, ఏం కావాలి, ఎప్పటిలోగా కావాలి, ఇవి మిగిలితే చాలు. విషయం నిజంగా పెద్దదైతే మర్నాడు ఉదయం దాకా ఆపండి.

మీ చేతిలో ఏమీ లేని చిరాకులూ ఉంటాయి. కంపెనీ విధానం, పైవాళ్ల స్వభావం, ట్రాఫిక్. వీటిని సహోద్యోగితో ఒకసారి చెప్పుకోవడం మంచిదే. అదే కథ ముగ్గురికి చెబితే మాత్రం మూడుసార్లు అనుభవించినట్టే, ప్రతిసారీ కోపం కొత్తగా రాజుకుంటుంది.

రోజును మూసేయడం

బయల్దేరే ముందు 7 నిమిషాలు దీనికి కేటాయించండి. కాగితం తీసి, సగంలో ఉన్న పనులు రాయండి. ఒక్కోదాని పక్కన రేపు దానికి వేయబోయే మొదటి అడుగు రాయండి. 'రిపోర్టు పూర్తి చేయాలి' అని రాస్తే సరిపోదు, 'రిపోర్టు, 10 గంటలకు, మూడో పేజీ అంకెలు సరిచూడాలి' అన్నంత వివరం ఉండాలి. మాసికాంపో, బామైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో చూపించింది ఇదే. పూర్తికాని పని బుర్రను తొలుస్తూనే ఉంటుంది, కానీ దానికి నిర్దిష్టమైన ప్లాను వేయగానే, పని ఇంకా పూర్తికాకపోయినా, ఆ తొలుపు తగ్గుతుంది. ఆ రోజు ఎవరి మీదైనా కోపం ఉంటే చివర ఒక వాక్యం: ఎవరు, ఏమన్నారు, మీకు ఏమనిపించింది. కోపమా, అవమానమా, భయమా, పేరు పెట్టి రాయండి. తర్వాత కాగితం మడిచి సొరుగులో పెట్టి, ఆఫీసు మెయిల్ నోటిఫికేషన్లు ఆపేసి లేవండి. కాగితం ఇంటికి తీసుకెళ్లకండి.

ఒత్తిడి ఎక్కువున్న రోజుల్లోనే మనుషులు ఈ తేరుకునే పనులన్నీ మానేస్తారు, అవసరం ఎక్కువున్నప్పుడే అవి చేతికి అందవు. అందుకే చివరి తేదీలు దగ్గరపడిన వారంలో పెద్ద సైజును ముందే కొట్టేసి, చిన్న సెట్టును, ఈ 7 నిమిషాలను మాత్రం ఉంచుకోండి.

తప్పిన రోజులు

2009లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. ఒక పని అలవాటుగా స్థిరపడటానికి పట్టే కాలం మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉండవచ్చని లెక్కతేలింది, మధ్యగతం 66 రోజులు, అంటే సగం మందికి అంతకంటే తక్కువ, సగం మందికి ఎక్కువ. '21 రోజుల్లో అలవాటు' అన్న మాట నమ్మి ఇరవై రెండో రోజున నిరాశపడకండి. అదే అధ్యయనంలో, ఒక రోజు తప్పడం వల్ల అలవాటు పెద్దగా దెబ్బతినలేదు. తప్పిన రోజుకు బదులుగా మర్నాడు రెట్టింపు చేయడం మాత్రం చేటు, నొప్పులొచ్చి మూడో రోజు కూడా పోతుంది. వారం ఖాళీ వస్తే అంతకుముందు చేస్తున్నదానిలో మూడింట రెండు వంతులతో మొదలుపెట్టండి. నెల దాటితే రెండో వారం ప్లానుకు వెళ్లండి.

క్యాలెండరులో ప్రతిరోజూ రెండు గుర్తులు వేయండి: చేసిన సైజు, ఆఫీసు చిరాకుకు 1 నుంచి 5 లోపు అంకె. నాలుగు వారాలయ్యాక ఖాళీగా ఉన్న రోజులను చూడండి. అవన్నీ 4, 5 అంకెల రోజులైతే మీ వ్యాయామాన్ని ఉదయానికి గానీ ఆఫీసు గేటు దగ్గరికి గానీ మార్చాలి. అంకె తక్కువున్న రోజుల్లోనూ ఖాళీలుంటే మీరు ఎంచుకున్న వ్యాయామమే మీకు నచ్చడం లేదు, దాన్ని మార్చండి. ప్రతి వారం ఒకే రోజు 5 ఉంటే ఆ రోజు జరిగే మీటింగు గురించి మేనేజరుతో మాట్లాడే సమయం వచ్చింది.

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయినా, ఉదయం ఆఫీసు తలుచుకుంటేనే కడుపులో తిప్పుతున్నా అది ఈ పద్ధతులతో తీరేది కాదు, డాక్టరును కలవండి. ఆఫీసులో ఎవరైనా తిట్టడం, బెదిరించడం, వేధించడం చేస్తుంటే ఊపిరి సాధనతో సర్దుకోవద్దు. తేదీ, సమయం, అన్న మాటలు, అక్కడ ఎవరున్నారు అన్నవి ఏ రోజుకారోజు రాసి, ఆఫీసు కంప్యూటరులో కాకుండా మీ దగ్గర భద్రపరిచి ఫిర్యాదు చేయండి. వ్యాయామంలో ఛాతీ పట్టేసినట్టున్నా, కళ్లు బైర్లు కమ్మినా అక్కడికక్కడే ఆపి వైద్య సాయం తీసుకోండి. గుండె జబ్బు, మధుమేహం, అధిక రక్తపోటు ఉన్నవాళ్లు మొదటి వారం కంటే ముందే డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టాలి.